వినకూడని దిక్కు

"ఆ మిక్సీ ఆపమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని అత్తగారు ముందుగదిలోంచి కేకేశారు.

కోడలు వంటింటి గట్టు దగ్గర నిలబడి, మిక్సీ జారుని మూడు ముక్కలుగా విప్పి, బ్లేడు సందుల్లో ఇరుక్కున్న పిప్పిని పాత టూత్‌బ్రష్షుతో తోముతోంది. ప్లగ్గు గోడకి లేదు. దాని తీగ చుట్ట చుట్టి గట్టు చివర పెట్టి ఉంది.

"మిక్సీ ఆడటం లేదత్తయ్యా. కడుగుతున్నాను."

"కడిగితే గుర్రుమంటుందా?"

"ముక్కలు ముక్కలుగా నా చేతిలోనే ఉంది. కావాలంటే వచ్చి చూడండి."

"హాజరు పిలుస్తూ కుర్చీలోంచి లేవలేనని తెలిసే రమ్మంటున్నావు!"

స్నానాల గదిలో గడ్డం గీసుకుంటున్న భర్త తలుపు సందులోంచి సగం నురగ మొహం బయటపెట్టాడు. "అమ్మ ఆపమంటోందిగా. ఆపేస్తే పోయేదేముంది?"

"ఆడనిదాన్ని ఎలా ఆపమంటారండీ? ఆడించి ఆపమంటారా?"

"అదీ బానే ఉంది," అన్నారు మామగారు పేపరు వెనకనించి. "ఓ నిమిషం ఆడించి ఆపెయ్యమ్మా. ఇద్దరి మాటా నెగ్గుతుంది."

కోడలికి ఒళ్ళు మండింది. జారు ఒక చేత్తో, బ్లేడు ఒక చేత్తో పట్టుకుని, నీళ్ళు కారుతుండగానే వెళ్ళి అత్తగారి ఎదురుగా నిలబడింది. ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు, ముందు తెరిచిన పుస్తకం, చేతిలో పెన్సిలు. ఆ ముక్కల వంక చూశారు. దెబ్బలాటలో ఓడిపోయిన మనిషి మొహం ఎలా ఉంటుందో కోడలికి తెలుసు. అత్తగారి మొహం అలా మారలేదు. కోపం దిగిపోయి, దాని చోట భయం లాంటిదేదో వచ్చి కూర్చుంది. ఆవిడ పుస్తకంలోకి వంగి, ఒక పేరు ఎదురుగా "రాలేదు" అని రాసుకున్నారు.

అత్తగారు ముప్పై ఏళ్ళు ఓడరేవు వైర్‌లెస్ ఆఫీసులో ఆపరేటరుగా పని చేశారు. రిటైరయ్యాక, ఓడలతో మాట్లాడిన నోటికి ఇరుగుపొరుగు కబుర్లు ఆనక, సరదాకి రేడియో నడుపుకునేవాళ్ళకిచ్చే అమెచ్యూర్ లైసెన్సు తీసుకుని ముందుగది మూలలో సొంత స్టేషను పెట్టుకున్నారు. ఒక బల్ల, ఒక సెట్టు, మైకు, మోర్సు కొట్టే మీట. కిటికీలోంచి పోయిన తీగ మేడెక్కి రెండు కర్రల మధ్య వేలాడుతుంటుంది. కొత్తగా కాపరానికొచ్చినప్పుడు, ఫోనుండగా ఇదంతా ఎందుకని కోడలు అడిగింది. "ఫోనులో ఎవరితో మాట్లాడాలో తెలిసి పిలుస్తాం. ఇక్కడ ఎవరు పలుకుతారో తెలియకుండా పిలుస్తాం," అన్నారావిడ. ఆ మాట కోడలికి అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం ఇప్పటికీ కాలేదు.

రోజూ ఎనిమిదిన్నరకి పన్నెండు ఊళ్ళ నుంచి పన్నెండు మంది సెట్ల ముందు కూర్చుంటారు. దానికి పొద్దుటి సభ అని పేరు. హాజరు పిలవడం, ఎవరెవరున్నారో పుస్తకంలో ఎక్కించడం, ఒకరి తరవాత ఒకరికి మాట ఇవ్వడం పదహారేళ్ళుగా అత్తగారి పని. లైసెన్సుతో ఇచ్చిన గుర్తు, కాల్‌సైన్, చెప్పాక మనిషిని పని పేరుతో పిలవడం వాళ్ళ అలవాటు. అత్తగారు ఆపరేటరమ్మ. దీవిలో ఆసుపత్రి నడిపే ఆవిడ నర్సమ్మ. ఒక టీచరమ్మ, ఒక బ్యాంకాయన. కొండల్లో ఎక్కడో గడియారాలు బాగుచేసే ఆయన గడియారాలాయన. చేత్తో చేసుకున్న ఐదు వాట్ల సెట్టు ఆయనది. గొంతు అంతదూరం చేరదు గనక పొట్టి, పొడుగు దెబ్బల మోర్సులో టిక్కు టిక్కుమని కొట్టి "ఉన్నాను" అంటాడు. ఒంటరి మనిషి. రోజులో ఆయన పేరు పైకి పిలిచేది ఈ సభ ఒక్కటేనేమో అని అత్తగారు ఒకసారి అన్నారు.

ఆ గడియారాలాయనకే మూడు వారాలుగా ఈ పుస్తకంలో రోజు విడిచి రోజు "రాలేదు" పడుతోంది. ఆయన వస్తూనే ఉన్నాడు. "కొట్టాడమ్మా, నాకు వినిపించింది," అని దీవి నుంచి నర్సమ్మ చెబుతోంది. వినపడనిది అత్తగారికే. ఆవిడ చెవుల్లో జోరీగ మోత, మిక్సీ గుర్రు.

మొన్న సోమవారం బ్యాంకాయన సభలో గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతుకి సవరింపు అక్కర్లేదు, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టినా వంటింటిదాకా వస్తుంది. "ఆపరేటరమ్మగారూ, మీరు చాలా చేశారు. వయసు మీద పడ్డాక విశ్రాంతి కూడా సేవే. ఒకటో తారీఖు నుంచి హాజరు నేను పిలుస్తాను. నాది పెద్ద సెట్టు, పెద్ద యాంటెన్నా. అందరూ ఆలోచించండి. ఈ శనివారం ఓసారి నేను పిలిచి చూపిస్తాను."

ఎవరూ కాదనలేదు. అత్తగారు కూడా "సరే" అన్నారు.

ఆ మధ్యాహ్నం కోడలు ఆరిన బట్టలు మడతపెట్టి లోపలికి తెస్తూ గుమ్మంలో ఆగిపోయింది. అత్తగారు గోడ గడియారం దింపి, ఒకసారి కుడి చెవికి, ఒకసారి ఎడమ చెవికి ఆనించుకుని వింటున్నారు. తరవాత గడియారాన్ని కాస్త దూరం జరిపారు. ఇంకాస్త. కోడలు వెనక్కి నాలుగడుగులు వేసి, ఈసారి చెప్పులు టపటపలాడిస్తూ వచ్చింది.

రాత్రి భర్త గుసగుసగా, "చెవి డాక్టరు దగ్గర వచ్చే సోమవారానికి మాట్లాడాను. అమ్మకి ఇప్పుడే చెప్పకు," అన్నాడు.

"అంత నమ్మకమేమిటండీ మీకు?"

"ఆడని మిక్సీ వినపడుతోందంటే ఏమనుకోవాలి? నువ్వేమనుకుంటున్నావు?"

ఆమె లేచి లైటు ఆర్పేసింది.

అత్తగారు మాత్రం డాక్టరు మాట ఎవరూ ఎత్తకముందే యాంటెన్నా మాట ఎత్తారు. "ఆ వేలాడే తీగ అన్ని వైపులా సమానంగా వింటుంది. అంటే ఏ వైపూ సరిగ్గా వినదు. దిక్కు యాంటెన్నా పెట్టించాలి." కోడలికి అర్థమయ్యేలా ఇంకో ముక్క చేర్చారు: "టార్చిలైటు తెలుసుగా? ఉన్న వెలుగునే ఒకవైపుకి పోగేస్తుంది. ఇదీ అంతే. ముందున్నది బాగా వినపడుతుంది, వెనకంతా చీకటి."

అక్కణ్ణించి ఇంట్లో ఎవరికీ మతి నిలవలేదు. మూడు కడ్డీల యాగీ వెయ్యండి, చేపముల్లులా ఉంటుంది, కింద తిప్పే మోటారు పెట్టండి అన్నాడు బ్యాంకాయన. ఆయనకున్నది అదే. టీచరమ్మ అదంతా దండగ, గాలిపటం చట్రంలా ఉండే క్వాడ్ కట్టుకోండి, గాలివానకి పడిపోతే మళ్ళీ కట్టుకోవచ్చు అంది. ఆవిడది మూడుసార్లు పడిపోయిందట. సామాన్లమ్మే కొట్టతను ఫోనులో పన్నెండు కడ్డీలున్న ఇంకోదాని పేరు చెప్పి, "అన్ని బ్యాండ్లకీ ఒకటే మేడమ్, కళ్ళు మూసుకుని తీసుకోండి," అన్నాడు. కళ్ళు తెరిచి చూస్తే అది మేడకంటే పొడుగు. భర్త సిద్ధాంతం ఒకటే: ఎన్ని కడ్డీలుంటే అంత మంచిది, కడ్డీలు ఊరికే పెడతారా? మామగారు వెనకటికి కంపెనీలో బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఆయనకి ఏ మాట విన్నా కాగితం మీద పెట్టి చూడాలి.

కాగితం దొరక్క స్టీలు పళ్ళెం తెచ్చారు. మధ్యలో అగ్గిపెట్టె పెట్టి, "ఇది మనిల్లు," అన్నారు. కోడలి కుట్టుపెట్టెలోంచి గుండీలు తీసి సభలో ఒక్కొక్కరికీ ఒక్కోటి, ఏ ఊరు ఏ దిక్కో చూసి పేర్చారు. బ్యాంకాయనకి కోటు గుండీ. గడియారాలాయనకి చొక్కా కాలరు గుండీ, అన్నిట్లోకీ చిన్నది.

"ఇప్పుడు చెప్పండి ఆపరేటరమ్మగారూ, మీ టార్చిలైటు ఎటు?"

"గడియారాలాయన వైపు. ఈశాన్యం."

"అటు పెడితే ఇటు పక్కనున్న టీచరమ్మ?"

"కాస్త తగ్గుతుంది."

"వెనకున్న కోటు గుండీ?"

"తగ్గుతుంది. పోనీ, మోటారు పెట్టి తిప్పుకుంటాను."

"పన్నెండు మందికి పన్నెండు తిప్పుళ్ళు. ఒక్కో తిప్పుడికి ఎంతసేపు?"

"చుట్టూ తిరగడానికి నిమిషం."

మామగారు పెన్సిలుతో గుండీ గుండీకీ మధ్య గీతలు గీసి, పెదాలు కదుపుతూ లెక్కకట్టారు. "పిలిచినవాడు పలికేలోపు యాంటెన్నా తిరుగుతూనే ఉంటుంది. ఎనిమిదిన్నరకి మొదలుపెడితే ఆఖరివాడు భోంచేసి పలుకుతాడు."

"వెటకారాలకేం తక్కువలేదు," అని అత్తగారు పళ్ళెం దూరంగా నెట్టారు. కాలరు గుండీ దొర్లి బల్లకింద పడింది. దాని కోసం అందరూ వంగారు గానీ యాంటెన్నా సంగతి తేలలేదు. అడిగేకొద్దీ ముడి పెరిగింది. తిరిగేది కావాలా, తిరగనిది కావాలా? పొడుగుదా, పొట్టిదా? ఎవరిని వినాలి, ఎవరిని వదలాలి? తను డిగ్రీలో ఫిజిక్సు చదివిన మాట నిజమే గానీ, ఆ పుస్తకంలో గుండీలకి దిక్కులు లేవని కోడలికి గుర్తొచ్చింది.

కోడలికి ఒక అలవాటుంది. ఇంట్లో జరిగేవి తారీఖు వేసి రాసి పెట్టుకుంటుంది. పాలు విరిగిన రోజు, గ్యాసు మార్చిన రోజు, దుప్పట్లు ఉతికిన రోజు. దుప్పట్ల వరస తప్పితే ఆమెకి తోచదు. గురువారం పొద్దున్న, సభ ఇంకా మొదలవకముందు, దుప్పట్లు ఇవాళా రేపా అని చూసుకుంటూ ఆ నెల పేజీ తిరగేసింది. పక్కనే అత్తగారి హాజరు పుస్తకం తెరిచి ఉంది. కంటికి రెండూ ఒకేసారి ఆనాయి.

నాలుగో తారీఖు: మబ్బు, దుప్పట్లు ఆరలేదు, గదిలో తీగ కట్టాను. అత్తగారి పుస్తకంలో నాలుగో తారీఖు: గడియారాలాయన ఉన్నారు.

ఏడు: ఎండ, గంటన్నరలో ఆరిపోయాయి. గడియారాలాయన రాలేదు.

తొమ్మిది: ముసురు, ఉతకలేదు. ఉన్నారు. పదీ పదకొండూ: ఎండ, రాలేదు, రాలేదు.

బట్టలు ఆరిన రోజు ఆయన రాడు. బట్టలు ఆరని రోజు వస్తాడు.

ఆమె పేజీ మూసేసి మళ్ళీ తెరిచింది. కొండల్లో ఉన్న మనిషికీ తన దుప్పట్లకీ సంబంధమేమిటి? ఎండకి చెవులు మందగిస్తాయా? అలాంటిదెక్కడా వినలేదు. మామగారికి చెబితే నవ్వుతారు. భర్తకి చెబితే సోమవారం తనకీ ఒక చీటీ రాయిస్తాడు. కిటికీలోంచి చూసింది. ఎండ అప్పుడే పిట్టగోడ మీదకి ఎక్కుతోంది. ముందుగదిలో బల్ల మీద పెట్టిన హెడ్‌ఫోన్లలోంచి, ఇన్నాళ్ళూ తను పట్టించుకోని సన్నటి గుర్రు కూడా దాంతోపాటే ఎక్కుతోంది.

వంటింట్లో ఒక చిన్న ట్రాన్సిస్టరుంది, పాటల కోసం. గుర్రు దాంట్లోనూ వినపడుతుందేమోనని స్టేషను లేని చోట ముల్లు పెట్టి చూసింది. వినపడింది. చెవి దగ్గరకి తెచ్చుకుందామని చేతిలో తిప్పేసరికి ఠక్కున మాయమైంది. వెనక్కి తిప్పింది, గుర్రు. ముందుకి తిప్పింది, నిశ్శబ్దం. ముల్లు పక్కకి జరిపి ఏదో స్టేషను పట్టి మళ్ళీ తిప్పింది. ఒక చోట గుర్రు చచ్చిపోయి, పాట మాత్రం మిగిలింది.

"అత్తయ్యా!" అంది గట్టిగా, హాజరు నడుస్తోందన్నది మరిచిపోయి. తరవాత నోరు నొక్కుకుంది.

సభ ముగిశాక అత్తగారు ఆ పెట్టె చేతిలోకి తీసుకుని ఒక్కసారి తిప్పి చూసి, "దీంట్లో అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది," అన్నారు. "ఆ కడ్డీ మొన ఎటు చూస్తే అటునించి వచ్చేది దానికి వినపడదు. అంటే గుర్రు ఇటునించి వస్తోంది." మొన చూస్తున్న వైపు చెయ్యి చాపారు. ఆగి, రెండో చెయ్యి రెండో వైపు చాపారు. "లేదా అటునించి. మొనలు రెండు కదా."

"మరి ఎటు?"

"అదే తెలీదు."

అత్తగారు రెండు చేతులూ చాపుకుని అలాగే నిలబడ్డారు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఏ వైపో తేల్చుకోవాలంటే నడవాల్సిందే. కోడలు చెవి దగ్గర ట్రాన్సిస్టరు పెట్టుకుని మొదట సందు ఎగువకి నడిచింది. గుర్రు తగ్గింది. తిరిగి దిగువకి నడిచింది. పెరిగింది. బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపి, "ఏం వదినా, రేడియోని షికారు తిప్పుతున్నావా?" అంది. "దానికి ఇంట్లో ఊపిరాడటంలేదట," అని కోడలు ఆగకుండా వెళ్ళిపోయింది. మూడో మలుపు దగ్గర ఇక ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకోలేకపోయింది. తలెత్తి చూస్తే కూరగాయలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీ. దాని కప్పు నిండా కొత్తగా పరిచిన నల్లటి సోలార్ పలకలు, ఎండకి అద్దంలా మెరుస్తున్నాయి. దుప్పట్లు ఆరే ఎండలోనే అవీ కరెంటు తీస్తాయి.

మేనేజరు మంచివాడే. విషయం విని, తనే నిచ్చెనెక్కి పలకకి చెవి ఆనించి విన్నాడు. "ఏ చప్పుడూ లేదమ్మా. మీరే రండి, వినండి."

"చెవికి వినపడేది కాదండీ. రేడియోకి వినపడుతుంది."

"రేడియో మీ ఇంట్లో ఉంది కదమ్మా?"

"అక్కడికే వస్తోంది."

"చప్పుడు చెయ్యకుండా వస్తోందా?"

ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. పలకలు పెట్టిన కంపెనీకి రాస్తానని, వాళ్ళు రావడానికి మూడు నెలలు పట్టినా పట్టొచ్చని ఆయన చెప్పాడు. ఒకటో తారీఖుకి మిగిలింది పది రోజులు.

ఇంటికొచ్చి చెబితే మామగారు మళ్ళీ పళ్ళెం తెచ్చారు. కోల్డ్ స్టోరేజీ ఉన్నచోట ఒక మిరియం గింజ పెట్టారు. అగ్గిపెట్టెకి నైరుతిన. కోడలు ఆ పళ్ళేన్ని చాలాసేపు చూసింది. గుండీలు చాలావరకు ఉత్తరానికీ తూర్పుకీ మధ్యే ఉన్నాయి. మిరియం గింజ వాటన్నిటికీ వీపు వైపు. ఆమె బుర్రలో ఏదో కదిలింది గానీ, మాటకి అందలేదు.

"అత్తయ్యా, మనం ఎవరిని వినాలా అని కదా ఇన్నాళ్ళూ చూస్తున్నాం?"

"ఊఁ."

"ట్రాన్సిస్టరు పాటకేసి తిరగలేదు. గుర్రుని వినడం మానేసింది, అంతే. పాట మిగిలింది. అలాంటిది... అంటే, ముందుకి ఎంత వినపడుతుందో కాదు... వెనక ఎంత వినపడదో చూసి కొనుక్కునే యాంటెన్నా ఏమైనా..." ఆమెకే తను ఏమంటోందో సరిగ్గా తెలియలేదు. "పోనీలెండి, పిచ్చి మాట."

అత్తగారు మిరియం గింజ వేలితో తీసి, మళ్ళీ అక్కడే పెట్టారు. "ఉన్నాయి," అన్నారు. "కానీ అమ్మాయ్, యాంటెన్నా మార్చుకోవచ్చు. చెవి మార్చుకోలేను కదా. గుర్రు ఉన్నమాట నిజమే. నా చెవి పోయినమాట కూడా నిజమైతే? ఎంత యాంటెన్నా పెట్టినా ఆయన రాలేదనే రాస్తాను. ఉన్నానని కొడుతున్న మనిషిని లేడని రాయడం... నావల్ల కాదు. ముందు నాకది తేలాలి."

శనివారం పొద్దున్న అత్తాకోడళ్ళిద్దరూ రేవు అవతల రాళ్ళకట్ట చివరిదాకా వెళ్ళారు. అక్కడ ఇళ్ళు లేవు, కరెంటు స్తంభాలు లేవు, మూడు వైపులా నీళ్ళే. అత్తగారి పాత సర్వీసు రోజుల బ్యాటరీ రిసీవరు తీసుకెళ్ళారు. దాంతో వినడమే గానీ మాట్లాడటానికి లేదు. రాయి మీద తువ్వాలు పరిచి, రిసీవరు పెట్టి, కడ్డీ పైకి లాగారు. హెడ్‌ఫోన్లు చెరో చెవికి ఒకటి పెట్టుకుని, తలలు ఆనించుకుని కూర్చున్నారు. ఇంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదని కోడలికి తోచింది. అత్తగారి తలనూనె వాసన తెలుస్తోంది.

ఎనిమిదిన్నరకి బ్యాంకాయన గొంతు మోగింది. ఆయన పిలుస్తున్నాడు, ఒక్కొక్కరూ పలుకుతున్నారు. టీచరమ్మ. నర్సమ్మ. పదహారేళ్ళు తను పిలిచిన వరసని వేరొకరి నోట వింటూ అత్తగారు మోకాలి మీద వేళ్ళతో లెక్కపెడుతున్నారు.

"గడియారాలాయన గారూ," అన్నాడు బ్యాంకాయన.

నిశ్శబ్దం. కోడలికి అలల చప్పుడే వినపడింది. దాని వెనక ఏదో సన్నగా, ఉందో లేదో తెలియకుండా, చీమ నడిచినట్టు. అది కూడా తన ఊహేనేమో అనుకుంది.

"గడియారాలాయన గారూ, ఇంకోసారి పిలుస్తున్నాను."

అత్తగారి వేళ్ళు మోకాలి మీద ఆగిపోయి, మళ్ళీ కదిలాయి. ఈసారి లెక్కపెట్టడం కాదు. పొట్టి, పొడుగు, పొట్టి. పెదాలు ఒక్కొక్క అక్షరం పలుకుతున్నాయి.

"ఉన్నాను అంటున్నాడు. బ్యాటరీ కొత్తది వేశాను... నిన్న చలి ఎక్కువ... ఆపరేటరమ్మ ఎక్కడ అని అడుగుతున్నాడు." ఆవిడ కోడలి చెయ్యి పట్టుకున్నారు. "నీకు వినపడటంలేదూ?"

"చీమ నడిచినట్టు ఏదో ఉందత్తయ్యా. అంతే."

"అదేనే పిచ్చిపిల్లా! అదే ఆయన!"

"గడియారాలాయన రాలేదు," అని బ్యాంకాయన ప్రకటించి, ఎవరికీ మాట ఇవ్వకుండా తరవాతి పేరు పిలిచాడు.

అత్తగారు లేచి నిలబడ్డారు. హెడ్‌ఫోను తీగ లాక్కుపోయి కోడలి చెవినుంచి ఊడింది. "ఉన్నాడయ్యా!" అని సముద్రంకేసి అరిచారు. "ఉన్నాడు, కొడుతున్నాడు, వినవయ్యా మహానుభావా!" గాలం వేసుకుని కూర్చున్న ఒకాయన వెనక్కి తిరిగి చూసి, వీళ్ళతో తనకెందుకన్నట్టు మళ్ళీ నీళ్ళవైపు తిరిగిపోయాడు.

దారంతా ఆవిడ రెండడుగులు ముందే నడిచారు. కోడలికి ఆవిడ సంతోషంగా ఉన్నారో, కోపంగా ఉన్నారో అంతుపట్టలేదు. చెవులు బాగున్నాయని తేలింది. సంతోషించాలి కదా? బ్యాంకాయనకీ వినపడలేదు. అంటే అంత పెద్ద యాంటెన్నా ఉన్నా ఆయన ఊరిలోనూ ఏదో గుర్రు ఉందనేగా? మరి హాజరు ఎవరు పిలవాలి? పెద్ద సెట్టున్నవాళ్ళా, పెద్ద గొంతున్నవాళ్ళా, ఇంకెవరైనానా? పళ్ళెంలో గుండీలు మళ్ళీ ఆమె కళ్ళముందు దొర్లాయి.

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కోడలు కూర వడ్డిస్తోంది. అత్తగారు ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, గ్లాసు దించారు.

"యాంటెన్నా ఏదో తేల్చుకున్నాను."

భర్త ఆత్రంగా, "ఎన్ని కడ్డీలు?" అన్నాడు.

"కడ్డీలు లేవు. నాలుగు వెదురు బొంగులు, చుట్టూ తీగ. మాక్సన్ అంటారు. దీర్ఘచతురస్రంలా, పడక్కుర్చీ గుడ్డ పరిచినట్టు ఉంటుంది. నేనూ అమ్మాయీ కట్టుకుంటాం."

"అది దూరం బాగా వింటుందా?"

"మిగతావాటికంటే కాస్త తక్కువే వింటుంది."

"తక్కువ వినేది ఎందుకమ్మా?"

"ముందు వైపు వెడల్పుగా వింటుంది, తొమ్మిది మంది ఆ వెడల్పులో పడతారు. ఇద్దరు పక్కలకి ఉన్నారు, వాళ్ళ గొంతులు చాలు. వెనకవైపు మాత్రం దానికి నిక్కచ్చిగా చెవుడు. ఆ చెవిటి వీపుని కోల్డ్ స్టోరేజీకి పెట్టి బిగించేస్తాం. మోటారు లేదు, తిప్పడం లేదు."

భర్త ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "చెవుడుందని కొంటున్నామా?"

"అవున్రా."

"ఎవరైనా వినపడుతుందని కొంటారు గానీ..."

"నీకు అర్థంకాదులే, తిను," అన్నారు మామగారు. "నాకూ కాలేదు. కానీ పళ్ళెం మీద సరిపోతోంది." అంతలో ఆయనకే ఒకటి తోచింది. "ఆగు ఆగు. కోటు గుండీ కూడా అటే కదా? బ్యాంకాయన సరిగ్గా వీపు వైపున పడతాడు."

"ఆయన్ని వినడానికి యాంటెన్నా ఎందుకండీ? కిటికీ తీస్తే చాలు."

మామగారికి పొలమారింది. కోడలు నీళ్ళందించింది. నవ్వు సర్దుకున్నాక, ఆమె గురువారం నుంచీ మనసులో దాచుకున్న ప్రశ్న అడిగేసింది. "మరి పని చెయ్యకపోతే అత్తయ్యా? ఇదంతా నా దుప్పట్ల లెక్కలోంచి వచ్చింది. నాకే నమ్మకం లేదు."

"నాకూ పూర్తిగా లేదు. అందుకే వారం చూస్తాను." ఆవిడ వేళ్ళ చివర అంటుకున్న మెతుకులు పళ్ళెం అంచుకి రాసి, ముగ్గురి వంకా చూశారు. "ఒకటో తారీఖు హాజరు నేనే పిలుస్తున్నాను. ఈ సంగతి రేపు సభలో చెబుతాను. ఎండ కాసిన రోజుల్లో ఏడింట ఆరు రోజులు గడియారాలాయన వినపడితే పుస్తకం నా దగ్గరే ఉంటుంది. వినపడకపోతే ఇచ్చేస్తాను. బ్యాంకాయనకి కాదు, దీవిలో నర్సమ్మకి. ఆవిడ చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పిలిచేవాళ్ళకి కావల్సింది గొంతు కాదు, నిశ్శబ్దం. అది నిన్నటిదాకా నాకూ తెలీదు."

"రేపు డాక్టరు..." అని నసిగాడు భర్త.

"ఏ డాక్టరు?"

కోడలు కూర గిన్నె వైపు చూసింది. మామగారు కప్పు వైపు చూశారు.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే రేపు సెలవు పెట్టు. ఉదయాన్నే వెళ్ళి నాలుగు వెదురు బొంగులు పట్రా. ఒక్కోటి పన్నెండడుగులకి తగ్గకూడదు, వంకరవి తేకు," అని అత్తగారు కూర గిన్నె తన వైపుకి జరుపుకున్నారు.